బరంపురంలో ఇల్లు, హైదరాబాద్‌లో ఆఫీసు: వర్క్ ఫ్రమ్ హోమ్ ఉంచుకోవాలా, వదులుకోవాలా?

"వచ్చే నెల ఒకటో తారీకు నుంచి అందరూ ఆఫీసుకు రావాలి" అని మెయిల్ వస్తే హైదరాబాద్ కొండాపూర్‌లో ఉన్నవాడు ట్రాఫిక్‌ను నాలుగు తిట్లు తిట్టుకుంటాడు, అంతే. అదే మెయిల్ పర్లాకిమిడిలోనో గుణుపూర్‌లోనో ముందుగదిలో టేబుల్ వేసుకుని పనిచేసుకుంటున్నవాడికి వస్తే మకాం మొత్తం మార్చాలి. గది వెతకాలి, అడ్వాన్సు కట్టాలి, నాన్న షుగర్ మాత్రలు ఎవరు తెచ్చిపెడతారో చూసుకోవాలి, కొత్తగా పెళ్లయి ఉంటే అదింకో పంచాయితీ. ఇంటి నుంచి పని మంచిదా ఆఫీసు మంచిదా అని దొరికే సలహాలు దాదాపు అన్నీ ఆ కొండాపూర్ వాడి కోసమే రాసినవి, రోజుకు గంటో రెండు గంటలో ప్రయాణం మిగులుతుందన్న చోట ఆగిపోతాయి. మన లెక్కలో ఉన్నది ఒక రాత్రి రైలు ప్రయాణం, కాబట్టి లెక్క మొదటి నుంచీ వేరేగా వేసుకోవాలి.

ఇది దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, జయపురం వైపు ఉన్న మన తెలుగువాళ్ల కోసం. ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివి హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో చేరి, కరోనా టైంలో ఇంటికొచ్చి, తర్వాత కొంతమంది వెనక్కి వెళ్లి, కొంతమంది ఇక్కడే ఉండిపోయినవాళ్ల కోసం. సూరత్ మగ్గాల మీద పనిచేసే గంజాం వాళ్లకు గానీ, దామన్‌జోడిలో నాల్కో అల్యూమినా ఫ్యాక్టరీకి డ్యూటీకి వెళ్లేవాళ్లకు గానీ ఈ ఎంపికే లేదు, ఆ సంగతి ఒకసారి తలుచుకుంటే మన టెన్షన్ కొంచెం తగ్గుతుంది కూడా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పూర్తిగా ఇల్లు, పూర్తిగా హైదరాబాద్, ఈ రెండింటిలో ఏదో ఒకటి అనుకోవడం వల్లే చాలామంది ఇరుక్కుంటున్నారు. మీ కంపెనీకి వైజాగ్‌లోనో భువనేశ్వర్‌లోనో ఆఫీసు ఉంటే ముందు అక్కడికి ట్రాన్స్‌ఫర్ అడగండి. అది దొరకనప్పుడే మిగతా రెండిటి గురించి కొట్టుకోవాలి. ఎందుకో కింద చెబుతాను, ఎవరికి ఇది వర్తించదో అదీ చెబుతాను.

ముందు కాగితం చూడండి

చేతిలో ఉన్న వర్క్ ఫ్రమ్ హోమ్ ఎవరిచ్చింది? మేనేజర్ నోటిమాటా, కంపెనీ కాగితమా? ఆఫర్ లెటర్‌లో, తర్వాత వచ్చిన లెటర్లలో బేస్ లొకేషన్ అని ఒకటి ఉంటుంది, అంటే కంపెనీ లెక్కలో మీరు పనిచేసే ఊరు. అక్కడ హైదరాబాద్ అని ఉండి, "మా మేనేజర్ మంచోడు, ఏమీ అనడు" అన్న ధైర్యంతో బరంపురంలో కూర్చుంటే, ఆ మేనేజర్ మారిన రోజే మీ వర్క్ ఫ్రమ్ హోమ్ కూడా మారుతుంది. రిమోట్ అనో, హోమ్ బేస్డ్ అనో లెటర్‌లో స్పష్టంగా రాసి ఉంటే అది వేరే సంగతి. అలాంటి వాళ్లు చాలా తక్కువమంది.

కంపెనీ పెద్దల ప్రకటనలను నమ్మి ఇల్లు కట్టేసినవాళ్లు కూడా ఉన్నారు. టీసీఎస్ సంగతే చూడండి. 2020లో, 2025 నాటికి ఏ సమయంలోనైనా నాలుగో వంతు మంది ఆఫీసులో ఉంటే చాలు అని చెప్పింది. 2023 అక్టోబరు వచ్చేసరికి వారానికి 5 రోజులూ రమ్మంది. 2024లో వేరియబుల్ పేను (జీతంలో పనితీరును బట్టి పెరిగే తగ్గే భాగం) హాజరుతో ముడిపెట్టింది: హాజరు 60 శాతం లోపు ఉంటే ఆ త్రైమాసికానికి వేరియబుల్ సున్నా, 85 శాతం దాటితేనే పూర్తిగా. విప్రో 2023 నవంబరు నుంచి వారానికి 3 రోజులు, ఇన్ఫోసిస్ 2025 మార్చి నుంచి చాలామందికి నెలకు 10 రోజులు, అమెజాన్ 2025 జనవరి నుంచి వారానికి 5 రోజులు. గాలి ఎటు వీస్తోందో దీన్ని బట్టే తెలుస్తోంది. కంపెనీలన్నీ మళ్లీ ఇంటి బాట పడతాయని ఎవరైనా చెబితే విని ఊరుకోండి, దాన్ని నమ్ముకుని హోమ్ లోన్ మాత్రం పెట్టుకోవద్దు.

ఇందులో ఒక తేడా గమనించండి. "వారానికి 3 రోజులు" అన్నది మనకు దాదాపు "5 రోజులు"తో సమానం. గురువారం సాయంత్రం బయలుదేరి సోమవారం పొద్దున దిగడం ఏ మనిషీ ఏడాది పొడుగునా చేయలేడు. అదే "నెలకు 10 రోజులు" అంటే, రెండు వారాలు వరసగా ఆఫీసుకు వెళ్లి మిగతా రెండు వారాలు ఇంట్లో ఉండొచ్చు. పేరుకు రెండూ హైబ్రిడే (కొన్ని రోజులు ఆఫీసు, కొన్ని రోజులు ఇల్లు) గానీ బరంపురం వాడికి ఒకటి పనికొస్తుంది, ఇంకోటి పనికిరాదు. అందుకే హెచ్‌ఆర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న ఎన్ని రోజులు అని కాదు, ఆ రోజులను వారం లెక్కన చూస్తారా, నెల లెక్కనా, మూడు నెలల లెక్కనా అని. జవాబు మెయిల్‌లో తీసుకోండి.

క్లయింట్ రూలు కూడా ఒకటుంది. బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీల ప్రాజెక్టుల్లో కొన్నింటికి ఓడీసీ అని విడిగా గది ఉంటుంది, ఫోన్ కూడా లోపలికి తీసుకెళ్లనివ్వరు. అలాంటి ప్రాజెక్టులో ఉండి వర్క్ ఫ్రమ్ హోమ్ కోసం మేనేజర్‌తో గొడవపడితే వాడేం చేస్తాడు పాపం, అది వాడి చేతిలో లేదు. ముందు ప్రాజెక్టు మారాలి, తర్వాతే మిగతా మాటలు.

డబ్బు: మిగిలేది నిజమే, పోయేది కనపడదు

ఉదాహరణకు చేతికి నెలకు 45 వేలు వచ్చే అబ్బాయిని తీసుకోండి. హైదరాబాద్‌లో ఇద్దరుండే పీజీ గది, తిండితో కలిపి 10 వేలకు అటూఇటూ అనుకుందాం. మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్, మెట్రో లేదా పెట్రోలు, శనివారం సినిమా, బిర్యానీ, ఇవన్నీ కలిపితే ఇంకో 6, 7 వేలు ఎటుపోయాయో తెలియకుండా పోతాయి. నెలకోసారి ఇంటికి వచ్చిపోతే ఆ ఖర్చు వేరు. మొత్తం 18 నుంచి 20 వేలు. అదే అబ్బాయి ఇంట్లో ఉంటే రెండు నెట్ కనెక్షన్లు, పెరిగిన కరెంటు బిల్లు, ఇంట్లో ఇచ్చేది కలిపి 6 వేలు వేసుకున్నా నెలకు 12 వేలు మిగులుతుంది, ఏడాదికి లక్షన్నర దాకా. కాదనడానికి లేదు, మంచి డబ్బే.

కానీ మొదటి రెండు మూడేళ్లలో జీతం పెరిగేది ఇంక్రిమెంట్లతో కాదు, కంపెనీ మారినప్పుడు. మారడానికి కావాల్సినవి రెండు: చెప్పుకోదగ్గ పని, దాన్ని చూసి మీ పేరు చెప్పే మనుషులు. పక్క సీటులో ఉన్నవాడు వేరే కంపెనీకి వెళ్లి "మా దగ్గర ఖాళీ ఉంది, రెజ్యూమె పంపు" అని ఫోన్ చేయడం అన్నది ఇంట్లో కూర్చున్నవాడికి చాలా తక్కువగా జరుగుతుంది. ఆ ఒక్క ఫోన్‌కాల్ విలువ రెండేళ్ల పీజీ అద్దె కంటే ఎక్కువ ఉండొచ్చు. కాబట్టి ఫ్రెషర్లకు నా సలహాలో మొహమాటం లేదు: వెళ్లండి. అమ్మ ఏడుస్తుంది, వారం తర్వాత మామూలైపోతుంది.

అద్దె కడితే హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇంటి అద్దె భత్యం) మీద పన్ను తగ్గుతుంది కదా అని ఒక మాట వినిపిస్తుంటుంది. అది పాత పన్ను విధానంలోనే. కొత్త విధానంలో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు లేదు, పైగా 2025-26 నుంచి అందులో స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు కలుపుకుని 12 లక్షల 75 వేల దాకా జీతం ఉన్నవాళ్లకు పన్నే పడదు. మనలో ఎక్కువమంది ఆ లోపే. పన్ను కోసం హైదరాబాద్ వెళ్లాల్సిన పనీ లేదు, ఉండిపోవాల్సిన పనీ లేదు.

కంపెనీ ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్‌ను మాత్రం ఈ లెక్కలో ఎవరూ కలపరు, కలపాలి. అమ్మానాన్నల పేర్లు అందులో ఉంటే, క్యాష్‌లెస్ ఆసుపత్రుల జాబితా తెరిచి మీ ఊరి పిన్‌కోడ్ కొట్టి చూడండి. మీ ఊళ్లో ఒకటీ లేక, వైజాగ్‌లో పాతిక ఉన్నాయనుకోండి, ఇంట్లో పెద్దవాళ్లకు ఏదైనా అయితే మీరు పర్లాకిమిడిలో ఉన్నా వైజాగే పరిగెత్తాలి. అలాంటప్పుడు మీరు వైజాగ్‌లోనే ఉంటే వాళ్లు మీ దగ్గరికి వస్తారు. చాలా ఇళ్లలో జరుగుతున్నది కూడా ఇదే.

కరెంటు, నెట్: ఇక్కడ మాత్రం మొహమాటపడొద్దు

ఇంటి నుంచే పని అని నిర్ణయించుకున్నవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. నెట్ స్పీడ్ 100 ఎంబీపీఎస్ అని సంబరపడతారు గానీ వీడియో కాల్‌కు 3, 4 ఎంబీపీఎస్ చాలు. కావాల్సింది తెగకుండా ఉండటం. స్పీడ్ టెస్ట్ పగలు కాదు, రాత్రి 8 గంటలకు వీధిలో అందరూ సీరియళ్లు, క్రికెట్ చూసే టైంలో చేయండి. డౌన్‌లోడ్ కంటే అప్‌లోడ్, పింగ్ (అవతలి నుంచి జవాబు రావడానికి పట్టే టైం) చూడండి. ఆఫీసు నెట్‌వర్క్‌లోకి కలిపే వీపీఎన్ ఆన్ చేసి ఇంకోసారి చూడండి.

కనెక్షన్ పెట్టించుకునేటప్పుడు కేబుల్ అబ్బాయిని ఒక్క ప్రశ్న అడగండి: "ఫైబర్ వైరు మా ఇంట్లో పెట్టె దాకా వస్తుందా, పక్క వీధి డబ్బా దాకా వచ్చి అక్కణ్ణుంచి మామూలు లాన్ వైరు లాగుతావా?" ఈ రెండోది మన ఊళ్లలో ఇంకా కనిపిస్తుంది. స్తంభం మీదో, ఎవరి మేడ మీదో ఒక డబ్బా ఉంటుంది, అందులో స్విచ్‌కు కరెంటు కావాలి. ఆ వీధిలో కరెంటు పోతే మీ ఇంట్లో ఇన్వర్టర్ ఎంత గొప్పదైనా నెట్ ఉండదు. ఫైబర్ సూటిగా ఇంటి దాకా వస్తే మధ్యలో వైరును పంచే స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు, మీ రౌటర్ వెలుగుతుంటే నెట్ వస్తుంది. ఇంత చిన్న విషయం తెలియక నెల నెలా కంపెనీలు మారుస్తూ ఉంటారు.

రెండో కనెక్షన్ కూడా ఫైబరే తీసుకుంటే లాభం తక్కువ, ఎందుకంటే రెండు వైర్లూ అదే స్తంభం మీద నుంచి వస్తాయి, చెట్టు పడితే రెండూ ఒకేసారి తెగుతాయి. రెండోది సిమ్ మీద నడిచేది పెట్టుకోండి. ఏ కంపెనీ సిమ్ అన్నది పక్కింటివాళ్లను అడిగితే చెబుతారు, యాడ్‌లు చూసి కాదు. కొరాపుట్, మల్కన్‌గిరి కొండల వైపు ఇంకా కొన్ని ఊళ్లలో మేడ ఎక్కితే గానీ సిగ్నల్ దొరకదు. అక్కడ ఉండి వర్క్ ఫ్రమ్ హోమ్ చేయాలనుకోవడం మొండితనమే, జయపురంలో ఒక గది అద్దెకు తీసుకోవడం నయం.

ఇన్వర్టర్ లెక్క ఇలా వేసుకోండి. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) బ్యాటరీ అంటే 12 వోల్టులతో గుణిస్తే 1800 వాట్ అవర్లు. కాగితం మీద అంత ఉన్నా చేతికి వచ్చేది దాదాపు 1300 అనుకోండి. ల్యాప్‌టాప్ 60, ఫ్యాన్ 70, రౌటర్, లైటు కలిపి 20, మొత్తం 150 వాట్లు. అంటే కొత్త బ్యాటరీ మీద 8 గంటలకు పైగా, ఒక షిఫ్ట్ గడుస్తుంది. కానీ ఇంట్లోవాళ్లు అదే ఇన్వర్టర్ మీద టీవీ, ఇంకో రెండు ఫ్యాన్లు వేస్తే సగానికి పడిపోతుంది. ఆఫీసు గదికి విడిగా లైను వేయించడం ఎలక్ట్రీషియన్‌కు పూట పని. రౌటర్‌కు మాత్రం 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి వేరేగా పెట్టండి, కరెంటు నుంచి ఇన్వర్టర్‌కు మారే ఆ క్షణంలో రౌటర్ రీస్టార్ట్ అయి, వీపీఎన్ తెగి, సరిగ్గా మీరు మాట్లాడుతున్నప్పుడే కాల్ నుంచి బయటపడకుండా ఉంటారు.

ఇక తుపాన్లు. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న. సరిగ్గా ఏడాదికి, అదే తారీకున, హుద్‌హుద్ వైజాగ్ మీద పడింది. 2018లో తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను ముంచింది అక్టోబరు 11న. ఇలాంటివి వచ్చినప్పుడు కరెంటు గంటల్లో రాదు, రోజులు పడుతుంది, లోపలి పల్లెలకు ఇంకా ఎక్కువ. ఏ ఇన్వర్టరూ దీనికి సరిపోదు. మీది నెలకు 10 రోజుల హైబ్రిడ్ అయితే అక్టోబరులో ఆఫీసు రోజులను మొదటి రెండు వారాల్లోనే పెట్టుకోండి. తుపాను వస్తే ఎలాగూ ఇంట్లో పని సాగదు, రాకపోతే దసరాకు అటో ఇటో సెలవు కలుపుకోవచ్చు. తుపాను టైంలో ఇంట్లోవాళ్ల దగ్గర ఉండాలి కదా అంటారా, ఉండండి, కానీ అది సెలవు పెట్టి. లాగిన్ అయి ఫోన్ హాట్‌స్పాట్‌తో కుస్తీ పడుతూ ఇటు ఇంటికీ అటు పనికీ కాకుండా పోవద్దు.

రైలు

బరంపురం వాళ్లు అదృష్టవంతులు, హౌరా-చెన్నై మెయిన్ లైను మీద ఉన్నారు. ఫలక్‌నుమా, ఈస్ట్ కోస్ట్, విశాఖ, కోణార్క్, నాలుగూ హైదరాబాద్ వైపు వెళ్లేవే. ఫలక్‌నుమా సాయంత్రం ఎక్కితే మర్నాడు ఉదయానికి సికింద్రాబాద్. పర్లాకిమిడి వాళ్లు బస్సులో పలాసకో, ఆమదాలవలస స్టేషన్‌కో రావాలి. గుణుపూర్ నుంచి నౌపడా దాకా లైను ఉంది, ఒకప్పుడు పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు మార్గం, 2011లో బ్రాడ్‌గేజ్‌గా మళ్లీ తెరిచారు, కానీ హైదరాబాద్ వెళ్లడానికి దాన్ని నమ్ముకుంటే మళ్లీ ఎక్కడో మారాల్సిందే. రాయగడ వాళ్లకు నాగావళి ఉంది, అదీ వారంలో కొన్ని రోజులే.

టికెట్ దొరకడం వేరే కథ. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 120 రోజుల ముందు కాకుండా 60 రోజుల ముందే తెరుస్తున్నారు. హైబ్రిడ్ వాళ్లకు ఇది ఒక రకంగా మంచిదే, రెండు నెలల రోస్టర్ (ఏ రోజులు ఆఫీసు అన్న పట్టిక) ముందుగా ఖాయం చేసుకుంటే అటూఇటూ టికెట్లు అప్పుడే తీసేసుకోవచ్చు. రోస్టర్ ముందు రోజు చెప్పే మేనేజర్ అయితే తత్కాల్ తప్పదు, ఏసీకి 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు తెరుస్తారు, అదే టైంలో మీకు టీమ్‌తో రోజువారీ స్టాండప్ మీటింగ్ ఉంటుంది. ఇలా ప్రతి నెలా జరుగుతుంటే మీకు హైబ్రిడ్ లేనట్టే లెక్క, గది తీసుకుని అక్కడే ఉండిపోండి.

వైజాగ్, భువనేశ్వర్ ఎందుకు అంటున్నాను

ఇంటి నుంచి పని మీద బాగా పేరున్న పరిశోధనలు రెండున్నాయి, రెండూ నికోలస్ బ్లూమ్ అనే ఆర్థికవేత్త చైనాలోని ఒకే ట్రావెల్ కంపెనీలో చేసినవి. మొదటిది కాల్ సెంటర్ వాళ్ల మీద. తొమ్మిది నెలలు ఇంటి నుంచి చేసినవాళ్ల పని 13 శాతం పెరిగింది, ఉద్యోగం మానేసేవాళ్లు సగానికి తగ్గారు. ఇంతవరకే అందరూ చెబుతారు. ఆ తర్వాత మీ ఇష్టం అంటే వాళ్లలో దాదాపు సగం మంది ఒంటరిగా ఉండలేక ఆఫీసుకే వెళ్లిపోయారు, పని బాగా చేసినా ఆ మేరకు ప్రమోషన్లు రాలేదు. రెండోది 2024లో వచ్చింది, పదహారు వందల మందికి పైగా ఉద్యోగులు, వారానికి 2 రోజులు ఇల్లు, 3 రోజులు ఆఫీసు. పని తగ్గలేదు, ప్రమోషన్ తగ్గలేదు, మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారు. అందులోనూ ఎక్కువ మేలు జరిగింది మేనేజర్లు కానివాళ్లకు, ఆడవాళ్లకు, దూరం నుంచి వచ్చేవాళ్లకు.

అంటే కొంచెం ఇల్లు, కొంచెం ఆఫీసు అన్నది బాగానే పనిచేస్తుంది, కానీ ఆఫీసు అందేంత దూరంలో ఉండాలి. మనకు అందే దూరంలో ఉన్నవి ఈ రెండు ఊళ్లే. బరంపురం నుంచి భువనేశ్వర్ 170 కిలోమీటర్లు, రోజూ ఎన్నో రైళ్లు, రోడ్డు కూడా బాగుంటుంది. శుక్రవారం రాత్రి భోజనానికి ఇంటికి చేరొచ్చు, సోమవారం తెల్లవారుజామున బయలుదేరొచ్చు. పర్లాకిమిడి, గుణుపూర్ వాళ్లకు వైజాగ్ దగ్గర, శ్రీకాకుళం మీదుగా వెళ్లిపోవడమే. రాయగడకు 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్-విశాఖ వందేభారత్ ఆగుతోంది, సమతా ఎక్స్‌ప్రెస్ ఎలాగూ ఉంది. జయపురం వాళ్లకే కొంచెం కష్టం, ఘాట్ రోడ్డు, వానాకాలంలో అరకు వైపు లైను మీద బండలు పడితే రైలు కూడా ఉండదు.

రెండిట్లో ఏది? భువనేశ్వర్‌లో ఐటీ కంపెనీలు ఎప్పటినుంచో ఉన్నాయి, ఇన్ఫోసిటీ వైపు టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో అన్నీ ఉన్నాయి, కాబట్టి లోపల ఖాళీలు దొరికే అవకాశం ఎక్కువ. వైజాగ్‌లో ఇన్ఫోసిస్ సెంటర్ 2023 అక్టోబరులో మొదలైంది, ఇంకొన్ని కంపెనీలు భూములు తీసుకుని కట్టే పనిలో ఉన్నాయి, కానీ "వస్తుంది" అన్నదానికి ట్రాన్స్‌ఫర్ అడగలేం. భాష సంగతికొస్తే బరంపురం మనవాళ్లకు ఒడియా వచ్చు, ఇబ్బంది లేదు. ఇంట్లో భార్య శ్రీకాకుళం వైపు అమ్మాయి అయితే, పిల్లలను తెలుగు మీడియం కాకపోయినా తెలుగు సబ్జెక్ట్ ఉన్న బడిలో వేయాలనుకుంటే, వైజాగ్ సుఖం. నేనైతే ఉద్యోగం కోసం భువనేశ్వర్, కాపురం కోసం వైజాగ్ అంటాను. మీలో ఏది బరువు తూగుతుందో మీకే తెలియాలి.

ట్రాన్స్‌ఫర్ అడిగే పద్ధతి కూడా ఒకటుంది. "ఇంటికి దగ్గర కావాలి సార్" అంటే ఎవరూ కదలరు. కంపెనీ లోపలి జాబ్ పోస్టింగుల్లో ఆ ఊరి ప్రాజెక్టు చూసుకుని, అక్కడి మేనేజర్‌తో ముందే మాట్లాడి, తర్వాత ఇక్కడ చెప్పాలి. మీ ప్రాజెక్టులో ఒక రిలీజ్ అయిపోయిన వారం మంచి సమయం. అప్రైజల్ ముందు అడిగితే రేటింగ్ మీద పడుతుంది, రేటింగ్ వచ్చాక అడగండి.

ఇంట్లోనే ఉంటాను అనేవాళ్లకు

కొంతమందికి ఇల్లు తప్పదు. మంచాన పడ్డ తల్లో తండ్రో, చంటిబిడ్డ, రాత్రి షిఫ్ట్‌లో ఆడపిల్ల ఒంటరిగా కొత్త ఊళ్లో ఉండటం ఇష్టం లేకపోవడం. ఇవి నిజమైన కారణాలే, వీటికోసం కొంచెం తక్కువ జీతానికైనా కాగితం మీద రిమోట్ అని రాసిచ్చే కంపెనీకి మారడం తెలివైన పనే. ఆరేడేళ్ల అనుభవం దాటి, పని ఎవరూ పక్కన కూర్చుని నేర్పాల్సిన అవసరం లేనివాళ్లకు అలాంటివి దొరుకుతాయి. కాంట్రాక్టు మీద విదేశీ కంపెనీకి చేసేవాళ్లు పీఎఫ్ ఉండదని, ఇన్సూరెన్స్ సొంతంగా కొనుక్కోవాలని గుర్తుపెట్టుకుని రేటు అడగాలి.

ఇంట్లో ఉంటే ఇంకో పోరు. "ఇంట్లోనే ఉన్నావు కదా, మావయ్యను ఓసారి స్టేషన్లో దింపేసి రా", "బ్యాంకులో పాస్‌బుక్ ప్రింట్ చేయించు", ఎవరొచ్చినా కాఫీకి పిలుపు. పక్కింటి పిన్నిగారైతే ఏడాదైనా అడుగుతూనే ఉంటారు, "ఏటి బాబూ, ఎప్పుడూ ఇంట్లోనే ఉంటన్నావు, ఉద్యోగం ఉందా పోయిందా?" బరంపురంలో ఠాకురాణి యాత్ర వచ్చిందంటే ఆ రోజుల్లో ఇంటి నుంచి పని అన్నది మరిచిపోవచ్చు, రెండేళ్లకోసారే కాబట్టి సెలవు పెట్టేయండి. మిగతా రోజులకు తలుపున్న గది ఒకటి, షిఫ్ట్ టైం రాసి తలుపుకు అతికించిన కాగితం ఒకటి. నవ్వుతారు, నవ్వనివ్వండి. రాత్రి అమెరికా షిఫ్ట్ అయితే పగలు నిద్ర దొరుకుతుందా అన్నదే అసలు ప్రశ్న, ఉమ్మడి కుటుంబంలో అది దొరకదు, మేడ మీద గది లేకపోతే ఒప్పుకోవద్దు.

ఉద్యోగం ఇంకా లేనివాళ్లకు ఒక మాట. ఇంటి దగ్గర టైపింగ్ పని, రేటింగులు ఇస్తే రోజుకు రెండు వేలు, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అని వచ్చేవన్నీ మోసాలే. ఉద్యోగం ఇచ్చేవాడు డబ్బు అడగడు. ఇప్పటికే కట్టేసి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత.

మెయిల్ వచ్చినవాళ్లు రెండు రోజులు ఆగి జవాబివ్వండి. అందులో కుదరదు అని రాయొద్దు, రిజైన్ చేస్తాను అని అసలే రాయొద్దు. ఏ తారీకు నుంచి రాగలరో, రోజులను నెల లెక్కన చూస్తారా అని, దగ్గరి సెంటర్ నుంచి పనిచేయడానికి వీలుందా అని, మూడు వాక్యాల్లో అడగండి. వెళ్లాల్సి వస్తే మొదటి నెల పీజీలో ఉండండి, ఫ్లాట్ తీసుకుని మూడు నెలల అడ్వాన్సు కట్టేయొద్దు, తర్వాత పాలసీ మారితే ఆ డబ్బు వెనక్కి రాబట్టుకోవడానికి ఇంటి ఓనర్ చుట్టూ తిరగాలి. ఇంట్లో పెట్టించిన ఇన్వర్టర్, ఫైబర్ మాత్రం అప్పుడే తీయించొద్దు. ఎలాగూ పండక్కి వచ్చినప్పుడు సెలవు అయిపోయాక ఇంకో రెండు రోజులు ఇక్కణ్ణుంచే చేస్తానని మేనేజర్‌ను అడుగుతారు కదా.